ప్రింటు పూర్తయిందంటుంది, కాగితం మాత్రం రాదు: లినక్స్ మింట్, లేజర్‌జెట్ 1020

కావలి జిరాక్సు
నవంబరు 10, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కావలిలో చిన్న జిరాక్సు దుకాణం నాది. దస్తావేజుల వాళ్లు, ఆధార్ కాపీల వాళ్లు, బడిపిల్లల ప్రాజెక్టుల వాళ్లు పొద్దున పది గంటలకే వరుస కడతారు. కంప్యూటరు పాతది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి భద్రతా మార్పులు ఆగిపోయాయని, 11 వేయడానికి ఈ యంత్రం సరిపోదని చెప్పి, మా మేనల్లుడు మొన్న రెండో తేదీ ఆదివారం విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 22 వేసి, సాయంత్రం బండికి బెంగళూరు వెళ్లిపోయాడు.

ప్రింటరు హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. వాడు ఉన్నప్పుడు చక్కగా ప్రింటు వచ్చింది. తర్వాత అయిదు రోజులు నేనూ చేసుకున్నాను. శనివారం పొద్దున నుంచి ఒక్క కాగితం రాలేదు. విచిత్రం ఏమిటంటే తెర మీద ఏ తప్పూ చూపించదు. ప్రింటు నొక్కగానే పైన చిన్న బొమ్మ మెరుస్తుంది, 'పూర్తయింది' అంటుంది, మాయమవుతుంది. ప్రింటరు మాత్రం ఉలకదు, పలకదు. లోపలికి తీసుకున్నానని చెప్పి బయటికి ఇవ్వని మనిషిని ఏమంటామో మీకు తెలుసు.

ప్రింటరును తీసేసి మళ్లీ చేర్చాను. ఆరుసార్లు. రెండు రోజులుగా పక్క దుకాణానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరుగుతున్నాను. దయచేసి దారి చూపండి.


ఆత్మకూరు అల్లుడు
నవంబరు 10, రాత్రి 9:52

మేనల్లుడు వేసింది మేనల్లుడే తీయాలండీ. పాత విండోసే మళ్లీ వేసుకోండి, గంటలో పని అయిపోతుంది. దుకాణం నడిపేవాళ్లకు ఈ ప్రయోగాలు ఎందుకు?


వెంకటగిరి జరీ
నవంబరు 10, రాత్రి 10:15

అల్లుడు గారూ, ఆయన అడిగింది ప్రింటరు గురించి, పెళ్లి సంబంధం గురించి కాదు, పాతదానికే తిరిగి వెళ్లమనడానికి.

జిరాక్సు గారూ, ముందు మూడు సంగతులు చెప్పండి. టెర్మినల్, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీ, తెరిచి రెండు ఆజ్ఞలు కొట్టాలి. నేను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

మొదటిది ఎల్‌ఎస్‌యూఎస్‌బీ, ఖాళీ లేకుండా ఒకే మాటగా. తీగ ద్వారా కంప్యూటరుకు ఏయే వస్తువులు తగిలి ఉన్నాయో చెబుతుంది. అందులో 03ఎఫ్0 అని ఉన్న వరుస ఏదైనా ఉందేమో చూడండి, అది హెచ్‌పీ సంఖ్య. రెండోది ఎల్‌పీస్టాట్, ఒక ఖాళీ, హైఫన్, టీ. ఎన్ని ప్రింటర్లు నమోదై ఉన్నాయి, ఏది ఆగి ఉంది, ఏ పని వరుసలో మిగిలి ఉంది అన్నీ అదే చెబుతుంది. ఇక మూడోది, యూఎస్‌బీ తీగ ఎంత పొడవుంది? అయిదు మీటర్లు దాటితే ఆ తీగను నమ్మకూడదు.


కావలి జిరాక్సు
నవంబరు 11, ఉదయం 8:05

అమ్మా, తీగ గజం కూడా లేదు, ప్రింటరు పక్కనే ఉంది. మొదటి ఆజ్ఞకు 03ఎఫ్0 వరుస వచ్చింది, చివర లేజర్‌జెట్ 1020 అని పేరు కూడా ఉంది.

రెండోది కొడితే నాకే నవ్వొచ్చింది. ఒకే ప్రింటరు ఏడు పేర్లతో ఉంది. మేనల్లుడు పెట్టింది ఒకటి, నేను చేర్చినవి ఆరు. చివర 2, 3, 4 అని అంకెలు తగిలించుకుని వరుసగా నిలబడ్డాయి. ఒకదాని పక్కన 'ఆగి ఉంది' అని ఉంది, దానిలో పదిహేడు పనులు మిగిలి ఉన్నాయి. మిగతావన్నీ 'ఖాళీగా ఉంది, పనికి సిద్ధం' అంటున్నాయి.


మూలాపేట మాస్టారు
నవంబరు 11, ఉదయం 8:40

చివరి చేనుకు నీళ్లు రాకపోతే రైతు ఏం చేస్తాడు? సోమశిల గేట్లు ఎత్తమని అడగడు. పార భుజాన వేసుకుని చేను గట్టు మీద నుంచి కాలువ వెంబడి పైకి నడుస్తాడు. ఎక్కడో ఒకచోట తూము మూసి ఉంటుంది, లేదా ఎవరో గండి కొట్టి ఉంటారు. మీరు ఆరుసార్లు చేసింది డ్యాము గేట్లు ఎత్తి దించడం. ప్రింటరును తీసి చేర్చడం మానండి, కాలువ నడవండి.

మీ కాలువ ఇది. మీరు రాసిన పేజీ ముందు పీడీఎఫ్‌గా మారుతుంది. దాన్ని కప్స్ అనే వరుస నిర్వాహకుడు అందుకుంటాడు. ఆయన దాన్ని డ్రైవరుకు ఇస్తాడు. డ్రైవరు ఈ ప్రింటరుకు అర్థమయ్యే చుక్కల భాషలోకి మార్చి తీగలోకి పంపుతాడు. ప్రింటరు అందుకుని కాగితం లాగుతుంది. 'పూర్తయింది' అని మీకు చెబుతున్నది కప్స్. తీగలోకి పంపేశాను, నా పని అయిపోయింది అని దాని అర్థం. కాగితం వచ్చిందని కాదు. తీగ కనిపిస్తోంది, వరుస కదులుతోంది కాబట్టి గండి చివరి మదుం దగ్గరే, అంటే ప్రింటరు దగ్గరే ఉంది.

ఒక ప్రశ్న. మేనల్లుడు లినక్స్ వేసిన రోజు ప్రింటరు స్విచ్ ఒక్కసారైనా తీశాడా? శనివారానికి ముందు రాత్రి కరెంటు పోయిందా?


కావలి జిరాక్సు
నవంబరు 11, ఉదయం 9:10

మాస్టారూ, మీరు మా దుకాణంలో కూర్చుని చూసినట్టే అడిగారు. ప్రింటరు స్విచ్ నేను ఎప్పుడూ ఆపను. రాత్రిళ్లు కూడా పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, ఇన్వర్టరు మీద ఉంది కాబట్టి చిన్న కోతలు దాని దాకా రావు. మేనల్లుడు కంప్యూటరునే పదిసార్లు ఆపి వేశాడు, ప్రింటరు జోలికి పోలేదు. శుక్రవారం రాత్రి ముసురుకు ఎక్కడో తీగలు తెగి తెల్లవార్లూ కరెంటు లేదు. ఇన్వర్టరు కూడా చల్లబడిపోయింది. పొద్దున వచ్చేసరికి అన్నీ ఆరిపోయి ఉన్నాయి.

దీనికీ దానికీ సంబంధం ఏమిటి?


మూలాపేట మాస్టారు
నవంబరు 11, ఉదయం 9:35

సంబంధం అంతా అక్కడే ఉంది.

ప్రింటరు లోపల కూడా ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. దాన్ని నడిపే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. చాలా ప్రింటర్లలో అది లోపలే శాశ్వతంగా రాసి ఉంటుంది. 1020లో అలా కాదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరు నుంచి ఆ ప్రోగ్రామును తీగ ద్వారా లోపలికి పంపాలి. కరెంటు ఉన్నంతసేపు జ్ఞాపకం ఉంటుంది, పోగానే మరిచిపోతుంది.

విండోస్ ఉన్న కాలంలో ఆ ప్రోగ్రామును విండోసే పంపింది. ఆదివారం కంప్యూటరు మతం మార్చుకున్నా ప్రింటరుకు ఆ సంగతి తెలియదు, పాత పాఠం దాని బుర్రలో అలాగే ఉంది. అందుకే అయిదు రోజులు పని చేసింది. శుక్రవారం రాత్రి కరెంటు పోగానే పాఠం చెరిగిపోయింది. మళ్లీ నేర్పేవాడు మీ కంప్యూటరులో లేడు. మీ మేనల్లుడి తప్పేమీ లేదు, వాడి కళ్ల ముందు అంతా సవ్యంగానే ఉంది.

పరీక్ష ఇదిగో. తీగ తగిలించి ఉంచి ప్రింటరు స్విచ్ తీసి వేయండి. మామూలుగా మొదట ఒక చప్పుడు వస్తుంది. కొన్ని క్షణాల తర్వాత రెండోసారి లోపల మోటారు గిర్రుమనాలి. ఆ రెండో గిర్రు ప్రోగ్రాము అందినందుకు గుర్తు. మీకు రాదు, చూడండి.

మరో మాట. లేజర్ ప్రింటరును ఇన్వర్టరు మీద పెట్టకండి. కాగితం మీద పొడిని కరిగించే వేడి గొట్టం, అంటే ఫ్యూజర్, వేడెక్కిన ప్రతిసారీ చాలా కరెంటు లాగుతుంది. 


కావలి జిరాక్సు
నవంబరు 11, ఉదయం 9:58

రాలేదు మాస్టారూ. ఒక్క గిర్రే. పద్నాలుగేళ్లుగా పెద్ద కోతలయ్యాక ఆ రెండో చప్పుడు వింటూనే ఉన్నాను, దానికి ఒక అర్థం ఉందని ఇవాళ తెలిసింది.


వెంకటగిరి జరీ
నవంబరు 11, మధ్యాహ్నం 1:20

మాస్టారు రోగం చెప్పారు, మందు నేను రాస్తాను. మీ మేనల్లుడు ఎంచుకున్న డ్రైవరు పేరులో 'ఫూ2జెడ్‌జేఎస్' అని ఉండి ఉంటుంది. అది స్వచ్ఛందంగా రాసిన మంచి డ్రైవరే, కానీ ఫర్మ్‌వేర్‌ను విడిగా సంపాదించి పెట్టుకోవాలి. మీకు తేలికైన దారి హెచ్‌ప్లిప్. హెచ్‌పీ తన ప్రింటర్ల కోసం లినక్స్‌కు ఇచ్చే సాఫ్ట్‌వేర్ సంచి అది, మింట్‌లో మామూలుగా ముందే ఉంటుంది. దానిలో చాలా భాగం బహిరంగ సోర్సే, అంటే ప్రోగ్రాము రాతను ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. 1020కి కావలసిన ఒక్క ముక్క మాత్రం కంపెనీ సొంతం కాబట్టి మింట్ వంటి లినక్స్ పంపిణీలతో కలిపి రాదు. దానికి ప్లగిన్ అని పేరు. మనమే ఒప్పుకుని దించుకోవాలి.

మొదట ఇల్లు ఊడవండి. మెనూలో ప్రింటర్లు తెరిచి ఆ ఏడు పేర్లనూ చెరిపేయండి. ఒక్కటి కూడా ఉంచకండి. తర్వాత సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫూ2జెడ్‌జేఎస్ ప్యాకేజీ ఉంటే తీసేయండి. రెండు డ్రైవర్లు ఒకే ప్రింటరును చెరో చెయ్యి పట్టుకుని లాగితే అది ఎటూ కదలదు.

ఇప్పుడు టెర్మినల్‌లో హెచ్‌పీ హైఫన్ ప్లగిన్ అని కొట్టండి. ఇంటర్నెట్ ఉండాలి. దించుకోవాలా అని అడుగుతుంది, అవునని చెప్పండి. ఒప్పందం చూపిస్తుంది, ఒప్పుకోండి. సంకేతపదం అడుగుతుంది. అది కొడుతున్నప్పుడు తెర మీద చుక్కలు కనిపించకపోయినా కంగారు పడకండి. అయ్యాక హెచ్‌పీ హైఫన్ సెటప్ కొట్టండి. యూఎస్‌బీ అని ఎంచితే ప్రింటరును తనే వెతుక్కుని తనే చేర్చుకుంటుంది. ప్రింటరు స్విచ్ తీసి వేసి రెండో గిర్రు కోసం వినండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. ప్లగిన్ సంఖ్య, హెచ్‌ప్లిప్ సంఖ్య ఒకటే ఉండాలి. రేపెప్పుడో మింట్ పెద్ద మార్పుకు వెళ్లి హెచ్‌ప్లిప్ కొత్తదైతే ప్లగిన్ పాతబడి, మళ్లీ ఇదే మౌనవ్రతం మొదలవుతుంది. అప్పుడు హెచ్‌పీ హైఫన్ ప్లగిన్ ఇంకోసారి నడిపితే చాలు.


కావలి జిరాక్సు
నవంబరు 11, సాయంత్రం 6:30

ప్లగిన్ సగంలో రెండుసార్లు ఆగిపోయింది. దుకాణంలో ఇంటర్నెట్ తీగ కూడా ముసురుకే బలైంది, ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి దించుతున్నాను. నిరుత్సాహం ఏమీ లేదు, ఊరికే చెబుతున్నాను. ఏడు ప్రింటర్లను చెరిపేటప్పుడు మాత్రం ఒకటి అంటే ఒకటి ఉంచాలనిపించింది, మేనల్లుడు పెట్టింది కదా అని. ఉంచేశాను.


వెంకటగిరి జరీ
నవంబరు 11, సాయంత్రం 6:41

ఆ పదిహేడు పనులు మిగిలినది అదేనా? అయితే చెరపండి బాబాయి గారూ. ముందే చెబుతున్నాను, లేకపోతే ఆ పదిహేడూ వరుసగా బయటికి వస్తాయి.


కావలి జిరాక్సు
నవంబరు 11, రాత్రి 8:15

వచ్చింది!

మూడోసారికి ప్లగిన్ పూర్తిగా దిగింది. సెటప్ కొట్టగానే ప్రింటరు పేరు తనే చూపించింది. స్విచ్ తీశాను, పది లెక్కపెట్టాను, వేశాను. ఒక గిర్రు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. రెండో గిర్రు! నా దగ్గర పని చేసే అమ్మాయి చప్పట్లు కొట్టింది.

తర్వాత ఆగి ఉన్న పాత ప్రింటరు మీద 'తిరిగి నడుపు' అని కనిపిస్తే, ఏమవుతుందో చూద్దామని నొక్కాను. జరీ గారు చెప్పినట్టే అయింది. శనివారం ఒక పెద్దాయన ఆధార్ కోసం నేను మొండిగా నొక్కిన నొక్కులన్నీ వరుసగా బయటికి వచ్చాయి. పదిహేడు కాపీలు. ఆయన ఇవాళ మళ్లీ వస్తే ఊరంతా పంచుకోమని ఇస్తాను.

మాస్టారికి, జరీ గారికి చేతులెత్తి నమస్కారం.


ఆత్మకూరు అల్లుడు
నవంబరు 11, రాత్రి 8:50

అభినందనలు. కానీ అంతా బహిరంగం, అంతా స్వేచ్ఛ అని మీరంతా చెబుతారు కదా, చివరికి కంపెనీ ముక్క ఒకటి లేనిదే కాగితం రాలేదు. మరి ఈ స్వేచ్ఛకు అర్థం ఏమిటి మాస్టారూ? వాదనకు కాదు, నిజంగానే అడుగుతున్నాను.


మూలాపేట మాస్టారు
నవంబరు 11, రాత్రి 10:05

మంచి ప్రశ్న, అల్లుడు గారూ. దీని మొదలు కూడా ఒక ప్రింటరే.

1980 ప్రాంతం. అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరును ఇచ్చింది. అంతస్తులో ఎక్కడో దూరంగా ఉండేది. కాగితం ఇరుక్కుంటే ఎవరికీ తెలిసేది కాదు, గంట తర్వాత వెళ్లి చూస్తే ఇరవై మంది పనులు ఆగి ఉండేవి. అక్కడ పని చేసే రిచర్డ్ స్టాల్‌మన్ అంతకు ముందున్న ప్రింటరు ప్రోగ్రామును కాస్త మార్చి, కాగితం ఇరుక్కోగానే ఎదురుచూస్తున్న వాళ్ల తెరల మీద కబురు వచ్చేట్టు చేశాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని సోర్సు ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర ఉందని తెలిసి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాను అన్నాడట. ఆ చేదు ఆయన్ను వదల్లేదు. అందరూ చూసి మార్చుకోగల వ్యవస్థను కట్టాలని 1983 సెప్టెంబరు 27న గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. మన మింట్ అడుగున ఉన్నదానిలో పెద్ద భాగం ఆ గ్నూ సొత్తే.

మీరన్న ముక్క ఉంది, కాదనను. అది ఒక్కటే మూసిన పెట్టె, మిగతా కాలువంతా తెరిచి ఉంది. తెరిచి ఉంది కాబట్టే ఎక్కడ ఆగిందో కావలిలో కూర్చుని నడిచి చూడగలిగాం. కప్స్ సంగతే చూడండి. మైఖేల్ స్వీట్ రాశాడు, 1999లో వచ్చింది, 2007లో ఆపిల్ కొనుక్కుంది. ఈ రోజు మాక్ కంప్యూటర్లలోనూ నడుస్తున్నది అదే. మీ బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని కొట్టి కోలన్ పెట్టి 631 అని రాయండి, దాని ఇంటి లోపలికి వెళ్తారు. జిరాక్సు గారు తమ దుకాణానికి ఆ కంపెనీ పేరే పెట్టుకున్నారు, ఆయనకు ఈ కథ తెలియకపోవడం న్యాయం కాదని కూడా రాశాను.


కావలి జిరాక్సు
నవంబరు 13, ఉదయం 11:15

మళ్లీ నేనే. రెండు కొత్త తలనొప్పులు.

ఒకటి, దస్తావేజులకు లీగల్ సైజు కాగితం వాడతాం. కింద మూడు వేళ్ల మందం ఖాళీ వదిలేస్తోంది, అక్షరాలు కూడా కాస్త కుదించి వేస్తోంది. దస్తావేజు లేఖరి గారు కొలబద్ద పెట్టి చూసి, ఇది చెల్లదు అన్నారు.

రెండోది పెద్దది. నా పాత ఫైళ్లు, పెళ్లి పత్రికలు, అద్దె ఒప్పందాలు, అర్జీ నమూనాలు అన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. లిబ్రే ఆఫీసులో తెరిస్తే మంత్రాల్లా ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు. వరుడి పేరు ఉండాల్సిన చోట చిన్న గీత, ఆశ్చర్యార్థకం.


దర్శి డీటీపీ
నవంబరు 13, మధ్యాహ్నం 2:45

ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని. కాబట్టి ఈ రెండూ నాకు వదలండి.

కాగితం సంగతి. లీగల్ అంటే 216 × 356 మిల్లీమీటర్లు, ఏ4 అంటే 210 × 297. సైజు మూడు చోట్ల ఉంటుంది, మూడూ ఒకే మాట చెప్పాలి. మీ ఫైల్లో పేజీ స్టైల్, ప్రింటు కిటికీలో కాగితం సైజు, ప్రింటరు సొంత అమరికల్లో ఉన్న సైజు. మీకు ఫైలు లీగల్ అని, ప్రింటరు ఏ4 అని చెబుతోంది. పాపం కప్స్ ఇద్దరికీ నచ్చజెప్పడానికి పేజీని కుదించి ఏ4లో సర్దుతోంది. లీగల్ పనులు మీకు రోజూ ఉంటాయి కాబట్టి ఒక చిట్కా. అదే ప్రింటరును రెండుసార్లు చేర్చండి. ఈసారి తెలిసి చేర్చండి! ఒకదానికి 'ఏ4' అని, రెండోదానికి 'దస్తావేజు' అని పేరు పెట్టి, రెండోదాని అమరికల్లో లీగల్ ఎంచండి. మీ దగ్గర పని చేసే అమ్మాయి పేరు చూసి నొక్కుతుంది, అమరికల జోలికి పోనక్కర్లేదు.

లినక్స్‌ను అమెరికా ఇంగ్లిషుతో వేస్తే కొన్నిచోట్ల లెటర్ సైజు తిష్ట వేస్తుంది. అది ఏ4 కంటే 18 మిల్లీమీటర్లు పొట్టి. ఏ4 అర్జీలో కింద సంతకం వరుస తెగిపోతే అనుమానించాల్సింది దాన్నే.

ఇక అను. ఆ ఫాంట్లు యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే పద్ధతి, వాడుకలోకి రాక ముందు పద్ధతివి. ఫైల్లో ఉన్నవి నిజంగానే ఇంగ్లిషు సంకేతాలు. వాటికి తెలుగు బొమ్మలు తొడిగేది ఫాంటు. ఫాంటు లేకపోతే తొడుగు ఊడి మీరన్న మంత్రాలు కనిపిస్తాయి. మీరు కొన్న అను ఫాంట్ల ఫైళ్లు ఉంటే ఇంటి ఫోల్డరులో చుక్క పెట్టి ఫాంట్స్ అనే ఫోల్డరు చేసి అందులో పెట్టండి, ఎఫ్‌సీ హైఫన్ క్యాష్ కొట్టండి. పాతవి చదవడానికి, ప్రింటు వేయడానికి అది చాలావరకు సరిపోతుంది. రోజూ వాడే అర్జీ నమూనాలను మాత్రం మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెచ్చేసుకోండి. తెచ్చాక ఒక్కో పేజీ కళ్లతో చదవాలి, వత్తులు అటూ ఇటూ అవుతాయి. నాకు ఒక పెళ్లి పత్రికలో 'చిరంజీవి' మధ్యలో సున్న ఎగిరిపోయింది. పెళ్లివారు అచ్చు అయ్యాక చూశారు. ఆ అయిదు వందల కార్డులు ఇంకా నా అటక మీదే ఉన్నాయి.

మార్చిన వాటికి మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, పోతన2000 వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు వాడండి, దస్తావేజుకు మండలి నిండుగా ఉంటుంది. టైపు చేయడానికి అనులో మీ వేళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డు అమరిక, లినక్స్‌లో భాషలు టైపు చేయించే ఐబస్‌లో, ఎం17ఎన్ అనే ప్యాకేజీ ద్వారా దొరుకుతుంది. నేను మారడానికి భయపడింది ఆ ఒక్కదానికే. వేళ్లు మళ్లీ అక్షరాభ్యాసం చేయాలేమోనని. అక్కర్లేకపోయింది.

ఇంకొకటి. ఈ ముసురులో కాగితం రీము విప్పి బల్ల మీద వదిలేయకండి. చెమ్మ పీల్చుకుని వంకర తిరిగి ఫ్యూజర్ దగ్గర ముడుచుకుంటుంది, మీరేమో డ్రైవరును తిడతారు. మిగిలిన కాగితాన్ని కవరులోనే చుట్టి పెట్టండి.


గెలాక్సీ కాటా
నవంబరు 13, రాత్రి 9:20

చీమకుర్తి నుంచి. మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మాది లారీల కాటా. గ్రానైటు రాయి తూకం చీటీ మూడు పొరల కార్బన్ కాగితం మీద, 80 కాలమ్‌ల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుతో వేస్తాం. లినక్స్‌కు మారితే అది నడుస్తుందా? చీటీ మీద 'బండి తూకం', 'సరుకు తూకం' అని తెలుగులో కావాలని మా యజమాని కోరిక.


వెంకటగిరి జరీ
నవంబరు 13, రాత్రి 10:02

నడుస్తుంది. నిజానికి కొత్త ప్రింటర్ల కంటే అవే నిశ్చింత. ఎప్సన్ భాషను పాటించే డాట్ మ్యాట్రిక్స్ అయితే కప్స్‌లోనే ఎప్సన్ 9 పిన్ను, 24 పిన్ను డ్రైవర్లు ఉన్నాయి.

తెలుగు దగ్గర ఒక కిటుకు ఉంది. ఆ ప్రింటరు పొట్టలో ఇంగ్లిషు అక్షరాల బొమ్మలు ముందే ఉంటాయి, అందుకే అంకెలు చకచకా కొట్టేస్తుంది. తెలుగు దానికి తెలియదు. తెలుగు రాయాలంటే పేజీ మొత్తాన్ని చుక్కల బొమ్మగా పంపాలి. అప్పుడు సూదులు ఒక్కో వరుస మీద అటూ ఇటూ గీసుకుంటూ పోతాయి. ఒక్కో చీటీకి ఎంతసేపు పడుతుందో మీరే చూస్తారు, బయట లారీ డ్రైవరు హారను కొడుతూ ఉంటాడు. నా సలహా: తెలుగు మాటలను చీటీ పుస్తకం మీదే ముందుగా అచ్చు వేయించి పెట్టుకోండి. ప్రింటరు అంకెలు మాత్రమే కొడుతుంది. మీ యజమానికి తెలుగూ దక్కుతుంది, లారీ కూడా కదులుతుంది.


గెలాక్సీ కాటా
నవంబరు 13, రాత్రి 10:10

ఇంత తేలిక సంగతి మాకెవరికీ తట్టలేదు. సంతోషం.


ఆత్మకూరు అల్లుడు
నవంబరు 15, ఉదయం 7:30

నవ్వకండి. నిన్న రాత్రి నా ల్యాప్‌టాప్‌లో నేనూ మింట్ వేశాను. నా దగ్గర ఉన్నది కేనన్ ఎల్‌బీపీ 2900. హెచ్‌ప్లిప్ దీన్ని పట్టించుకోదు కదా?


వెంకటగిరి జరీ
నవంబరు 15, ఉదయం 8:12

నవ్వడం లేదు. కొంచెం నవ్వుతున్నాను.

పట్టించుకోదు. 2900 మాట్లాడేది కాప్ట్ అనే కేనన్ సొంత భాష. కంపెనీ లినక్స్ డ్రైవరు ఉంది. అది పాతకాలపు 32 బిట్‌ల ముక్కల మీద ఆధారపడుతుంది కాబట్టి 64 బిట్‌ల మింట్‌లో ఆ తోడు ప్యాకేజీలన్నీ ముందు వేసుకోవాలి. స్వచ్ఛందంగా రాసిన కాప్ట్‌డ్రైవర్ ఇంకొకటి ఉంది, దాన్ని సోర్సు నుంచి మీరే కట్టుకోవాలి. ఓపిక ఉంటే రెండోది ప్రయత్నించండి, నేను తోడుంటాను. అర్జంటు అయితే ఇంట్లో మిగిలిన విండోస్ కంప్యూటరుకే ప్రింటరును తగిలించి, అక్కడి నుంచి పంచుకోండి.

కొత్తది కొనేవాళ్ల కోసం కూడా ఇక్కడే చెప్పేస్తాను. పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అనో ఐపీపీ ఎవ్రీవేర్ అనో ఉందేమో చూడండి. ఉంటే డ్రైవరు గొడవే లేదు. కంప్యూటరు, ప్రింటరు ఒకే ఉమ్మడి భాషలో మాట్లాడుకుంటాయి. వైఫై లేకపోయినా, ఐపీపీ ఓవర్ యూఎస్‌బీ ఉన్న ప్రింటరు అయితే తీగ మీద కూడా ఆ భాష నడుస్తుంది, మింట్‌లో ఆ ఏర్పాటు ఉంది.

దుకాణాల వాళ్లకు ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరులో కప్స్‌కు తోడుగా ఉండి నెట్‌వర్కులో ప్రింటర్లను వెతికే కప్స్ బ్రౌజ్‌డ్ అనే ముక్కలో ప్రమాదకరమైన లోపాలు బయటపడ్డాయి. మింట్ అప్‌డేట్లు తీసుకుంటూ ఉంటే సరి. మీ వైఫై సంకేతపదాన్ని మాత్రం వచ్చే పోయే వాళ్లందరికీ చెప్పకండి.


ఆత్మకూరు అల్లుడు
నవంబరు 15, ఉదయం 8:20

కట్టుకుంటాను. ఆదివారం ఖాళీ.


కావలి జిరాక్సు
నవంబరు 17, రాత్రి 7:45

దర్శి అక్కయ్య గారు చెప్పినట్టు 'ఏ4', 'దస్తావేజు' అని రెండు పేర్లు పెట్టాను. లేఖరి గారు మళ్లీ కొలబద్ద పెట్టారు, ఈసారి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడం. అర్జీ నమూనాలు పదకొండు మార్చాను, ఇంకా నలభై ఉన్నాయి. ప్రింటరును ఇన్వర్టరు మీద నుంచి తీసేశాను, కాబట్టి రోజుకు రెండు మూడుసార్లు ఆరిపోతోంది, రెండో గిర్రు రెండు మూడుసార్లు వింటున్నాను.

నేను లేనప్పుడు ఇబ్బంది లేకుండా, ప్రింటరు మీద కాగితం ఒకటి అంటించాను. అందులో ఇలా రాశాను:

'కరెంటు వచ్చాక మొదట కంప్యూటరు వేయాలి. అది పూర్తిగా తెరుచుకున్నాక ప్రింటరు స్విచ్ వేయాలి. గిర్రుమన్నాక ప్రింటు నొక్కాలి. రాకపోతే మళ్లీ మళ్లీ నొక్కరాదు.'

మాస్టారూ, సరిపోయిందా?


మూలాపేట మాస్టారు
నవంబరు 17, రాత్రి 8:10

మూడో వాక్యంలో 'రెండోసారి' అని చేర్చండి. మొదటి గిర్రుకే నొక్కేస్తారు.